ఫకీర్‌గడ్డ దాకా జాజుగీత

రాళ్లగూడెంలో పీర్ మహమ్మద్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా ఒక్క క్షణం తెల్లమొహం వేస్తారు. నీళ్ల పీర్‌సాబు అనండి, వాగు దాటించి, ఫకీర్‌గడ్డలో దర్గా పక్కనున్న పెంకుటింటి ముందు నిలబెట్టి మరీ వస్తారు. దేవరకొండ చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు లారీకి కాదు, ఆయనకు కబురు పోయేది. చెప్పులు విడిచి, రెండుగా చీలిన వేపపంగను రెండు చేతులా పట్టుకుని, ఎండిన చెలకలో తల వంచుకుని నడిచేవాడు. పంగ కొస నేలకేసి వంగిన చోట మడమతో గుంట చేసి, ఇక్కడే వేయండి అని చెప్పి పక్కకు తప్పుకునేవాడు. నీళ్లు పడ్డవీ ఉన్నాయి, వట్టి దుమ్ము లేచినవీ ఉన్నాయి. దుమ్ము లేచినవాటిని లోకం తొందరగా మరిచిపోతుంది. అది పీర్‌సాబు చేసుకున్న అదృష్టం.

ఆయన పేరు నిలబెట్టింది రాళ్లగూడెం బడి పక్కనున్న బోరు. ఎనభైల మొదట్లో వానలు మొహం చాటేసిన ఒక ఏడు ఊళ్లో బావులన్నీ అడుగంటాయి. ఆడవాళ్లు బిందె కోసం జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు పీర్‌సాబు చూపిన చోట లారీ వచ్చి తవ్వితే నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయని ఊరివాళ్లు ఇప్పటికీ చెబుతారు. అంత లేవలేదు గానీ, జనం తడిసి ముద్దయిన మాట నిజం. సర్పంచి లచ్చయ్య రాగిచెంబు నింపి, మొదటి గుక్క నీదేనంటూ పీర్‌సాబుకు అందించాడు. పీర్‌సాబు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను తాగొద్దు లచ్చయ్యా. చూపినోడు తాగితే చెయ్యి సచ్చిపోతది. మా బాపు మాట."

ఎంత దాహంగా ఉన్నాడో ఆ ఎండలో చూసినవాళ్లకు తెలుసు. అయినా ముట్టలేదు. తాను చూపిన నీళ్లు తానుగానీ తన ఇల్లుగానీ తాగకూడదన్నది వాళ్ల తాతల నాటి కట్టుబాటు. దాన్ని అంత మంది ముందు అంత నిబ్బరంగా నిలబెట్టుకున్నందుకు ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ చెంబు కథను రాళ్లగూడెం వాళ్లు పెళ్లిళ్లలో, చావుల్లో, బస్సుల్లో చెప్పీ చెప్పీ అరగదీశారు.

ఇంట్లో కథ వేరు. ఫకీర్‌గడ్డ బావి నీళ్లు ఉప్పు. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉండేది. భార్య ఇక్బాల్ బీ దానితో వేగి వేగి ఒకరోజు నవ్వుతూనే అంది, ఊళ్లకు ఊళ్లకు నీళ్లు చూపే మనిషి పెళ్లాన్ని నేను, ఆ నీళ్ల రుచి ఎట్లుంటుందో నాకే తెలియదు అని. ఎత్తిపొడుపు కాదు. అయినా అది పీర్‌సాబు గుండెల్లో ముల్లులా దిగింది. మర్నాడు సైకిలు వెనక ఒక క్యాను కట్టుకుని రాళ్లగూడెం పోయాడు. బోరింగు దగ్గర ఎవరో అడిగితే, దర్గా కడగడానికి అన్నాడు. దర్గాకు ముజావరు ఆయనే. దీపం పెట్టేది, ఊడ్చేది, చాదర్ కప్పేది అన్నీ ఆయన చేతుల మీదే. ఆ మాటను అనుమానించే పాపిష్టివాడు ఊళ్లో ఒక్కడూ లేడు. అడిగినవాడే బోరింగు కొట్టి క్యాను నింపి, సైకిలుకు కట్టి పంపాడు.

ఆ రోజు పప్పు వెన్నలా ఉడికింది. ఇక్బాల్ బీ గిన్నె చూపించి చిన్నపిల్లలా మురిసిపోయింది. ఆ మురిపెం చూశాక పీర్‌సాబు ఇక ఆగలేదు. ఇంట్లో రెండు కుండలు వెలిశాయి. ఎడమ పక్కది ఆయనది, ఉప్పుబావి నీళ్లు. కుడి పక్కది ఆమెది. ఆమె వంట కూడా రెండుగా చేసుకునేది, ఉప్పునీళ్ల కూర ఆయనకు, బోరు నీళ్ల పప్పు తనకు. ఆయన పొరపాటున కూడా కుడికుండలో చెంబు ముంచలేదు. ఇటు కట్టుబాటూ చెడలేదు, అటు పెళ్లాం ముచ్చటా తీరింది అనుకునేవాడు. ఇల్లు కూడా తాగకూడదన్న ముక్కను మాత్రం మెల్లగా పక్కకు జరిపేశాడు. తన కేసులో తానే వకీలు, తానే జడ్జీ అయితే తీర్పు ఎటు వస్తుందో చెప్పాలా!

ఏళ్లు గడిచాయి. రాళ్లగూడెంలో పిల్లల పళ్లు గోధుమరంగు తిరగసాగాయి. నడివయసు వాళ్లకు మోకాళ్లు బిగిశాయి. గొర్లు కాసే బీరప్ప కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చేది. బరువులు మోసీ మోసీ అన్నారు, గాలి సోకిందన్నారు, ముసలితనం అన్నారు. బీరప్పకు అప్పటికి ముసలితనం వచ్చే వయసేమీ కాదు. అటు ఫకీర్‌గడ్డలో ఇక్బాల్ బీ నడుము కూడా వంగింది. మొదట కొద్దిగా, తర్వాత బాగా. దేవరకొండ దవాఖానలో గోలీలు ఇచ్చారు. ఆమె ఒకసారి బావి గట్టు మీద జారిపడిన మాట నిజమే కాబట్టి, పీర్‌సాబు అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. తాను కూడా అదే నమ్మాడు.

తొంభైల్లో ఒక ఎండాకాలం ఊరికి నీళ్ల ట్యాంకు మంజూరైంది. లచ్చయ్యే మళ్లీ సర్పంచి. బడి పక్క బోరుకు మోటారు పెట్టి, ట్యాంకు కట్టి, ఇంటింటికీ, బడికీ, వాగవతల ఫకీర్‌గడ్డకూ కూడా పైపులు వేయాలని ఆయన ఆశ. ఆ బోరు ఏ కరువులోనూ ఎండలేదు మరి. అయితే నల్లగొండ నుంచి ఒక సంస్థ తరఫున మంజులత అనే అమ్మాయి వచ్చిపోతూ ఉండేది. ఆమెకు ఆ బోరు మీదే అనుమానం, ఈ పళ్ల రంగుకూ మోకాళ్ల బిగుతుకూ ఆ నీళ్లే కారణమేమోనని. సీసాలో పట్టి పరీక్షకు పంపిన నీళ్ల ఫలితం ఎంతకూ రాలేదు. ఇంజినీరు మర్నాడే కొలతలకు వస్తున్నాడు. ట్యాంకు ఆ బోరు మీద కట్టాలా, పడమట పూడుకుపోయిన పెద్దబావిని తవ్వించి దాని మీద కట్టాలా అన్నది ఆయన వచ్చేలోపే తేలాలి. ఒకసారి పైపులు పడ్డాయంటే ఊరు ఊరంతా, పాలు మరిచిన బిడ్డ దగ్గర్నుంచి, ఆ నీళ్లే తాగుతుంది.

కాగితాల మీద అడిగితే ఎవరూ నోరు విప్పరని మంజులతకు తెలుసు. అందుకని పీర్ల చావిడి ముందు నేల ఊడ్పించి, సానుపు చల్లించి, ఊరినే అక్కడ పరిపించింది. గీసింది యాదమ్మ. ముగ్గులో ఆమెను మించినవాళ్లు ఊళ్లో లేరు. తెల్లటి పిండితో వీధులు, రాళ్లతో ఇళ్లు, గవ్వతో బడి. బోరు నీళ్లు తాగే ఇంటికి బోరు దగ్గర్నుంచి ఎర్రటి జాజుగీత. పెద్దబావిలో మిగిలిన అడుగు నీళ్లు తోడుకునే పడమటి వాడకు బూడిదగీత. ఇంట్లో నడుమో మోకాలో బిగిసిన మనిషి ఉంటే ఆ ఇంటి మీద ఒక చింతగింజ, పళ్లు రంగు మారిన బిడ్డ ఉంటే ఒక జొన్నగింజ. ఎవరి ఇంటి గింజ వాళ్లే పెట్టాలి. పక్కవాళ్లు తప్పంటే తీసి మళ్లీ పెట్టాలి.

మొదట్లో నవ్వులాటగానే సాగింది. తన ఇల్లు వీధికి అవతల పెట్టారని ఒకామె రాయి ఎత్తి ఇవతల పెట్టింది. దానికి పొరుగామె తగాదా పడింది. బీరప్ప వంగలేక, నా గింజ నువ్వు పెట్టు బిడ్డా అని యాదమ్మను అడిగి, తీరా ఆమె పెట్టాక జర పక్కకు అని సవరించాడు. గింజలు పడుతున్న కొద్దీ నవ్వులు తగ్గాయి.

పీర్‌సాబుకు ఆ రోజు కుర్చీ వేశారు. ట్యాంకు కట్టబోయేది ఆయన బోరు మీద కదా. ఇక్బాల్ బీని ఎడ్లబండిలో తెచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. పీర్‌సాబు కుర్చీలోంచి నేలకేసి చూస్తున్నాడు. ఎర్రగీతలు చేరిన ఇళ్ల మీద గింజలు కుప్ప పడుతున్నాయి. బూడిదగీతల ఇళ్లు తుడిచినట్టున్నాయి. ఎవరూ నోరు తెరవాల్సిన పని లేదు, నేలే చెబుతోంది. తాను మడమతో గుంట చేసిన చోటు నుంచి ఆ ఎరుపంతా కారి ఊరి మీదికి పాకినట్టు అనిపించింది ఆయనకు. ముందు కోపం వచ్చింది, ఈ గింజల లెక్క తెచ్చిన మంజులత మీద. తర్వాత భయం వేసింది.

లచ్చయ్య కూడా చూశాడు. నడుంనొప్పులు లేని ఊరేది, బోరు చుట్టూ ఇళ్లెక్కువ కాబట్టి గింజలూ ఎక్కువ అని గట్టిగానే వాదించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఎండాకాలం ఆడవాళ్లు బిందెలతో పడే గోస చూడలేక ట్యాంకు తెచ్చినవాడు. పెద్దబావి తవ్వితే నీళ్లు చాలకపోతే ఊరు తన మొహాన ఉమ్మేస్తుందని ఆయన భయం.

అప్పుడు మంజులత వాగవతలి సంగతేమిటి అంది. యాదమ్మ వాగు గీసి, అవతల ఫకీర్‌గడ్డ ఇళ్లు పెట్టి, వాళ్ల ఉప్పుబావి నుంచి అన్ని ఇళ్లకూ బూడిదగీతలు లాగింది. దర్గా దగ్గర చిన్న గులకరాయి, అది పీర్‌సాబు ఇల్లు. ఫకీర్‌గడ్డ ఆడవాళ్లు తమకు ఏ నొప్పులూ లేవన్నారు. ఇక మిగిలింది ఇక్బాల్ బీ. ఆమె చేతికి గింజ ఇచ్చారు. నేల ఆమెకు ఎప్పుడూ దగ్గరే, పెద్దగా వంగాల్సిన పని లేకపోయింది. తన ఇంటి మీద చింతగింజ పెట్టి చేయి తీసేసుకుంది.

వాగవతల ఉన్నది ఆ ఒక్క గింజే. లచ్చయ్య కళ్లు దాని మీద పడ్డాయి. ఒక్క క్షణం ఆలోచించి లేచి నిలబడ్డాడు.

"జర అందరు గీ ఇల్లు జూడుండ్రి. పీర్‌సాబు ఇల్లు. చూపిన నీళ్లు ముట్టని ఇల్లు. ఆనాడు నా చేతుల చెంబు ముట్టనిది మీరంత జూసిండ్రు. గా ఇంట్లకు బోరు నీళ్ల సుక్క పోలే. అయినా ఇక్బాల్ బీ అత్త నడుము వంగింది. మరి బోరు ఏం జేసింది? చెప్పుండ్రి."

చావిడి ముందు ఊపిరి తిరిగినట్టయింది. అవును కదా అన్నారు ఎవరో. అవునవును అన్నారు పదిమంది. ఎండని బోరును వదులుకోవాలని ఎవరికుంటుంది? చెంబు కథ తెలియనివాళ్లెవరు? బీరప్ప సైతం, నాది ముసలితనమే అయ్యుంటది లే అన్నాడు. పాపం, అనేసి తేలిగ్గా నవ్వాడు కూడా. యాదమ్మ చేతిలో జాజు పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆమె ఇంటి రాయి మీద ఒక చింతగింజ, మూడు జొన్నగింజలు ఉన్నాయి.

మంజులత తొందరపడలేదు. కాసేపు ఆ గింజనే చూసింది. ఆ ఇంటికి బోరు నీళ్లు పోలేదన్నది నిజమైతే ఈ జబ్బుకు వేరే కారణం ఉందేమో, అలాంటప్పుడు బోరు మీద నింద వేయడం తప్పు, రేపు ఇంజినీరుకు ఆ మాటే చెబుతాను అంది. అని, పీర్‌సాబు వైపు తిరిగింది.

"పెద్దాయనా, మీ ఇంటికి ఈ బోరు నీళ్లు ఎప్పుడూ రాలేదు కదా?"

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. అడిగిన తీరులోనే జవాబు ఉంది. రాలేదు అంటే చాలు. అసలు అననక్కర్లేదు, తల ఊపితే చాలు. బోరు గెలుస్తుంది, ట్యాంకు లేస్తుంది, నీళ్ల పీర్‌సాబు పేరు ఇంకో తరం నిలుస్తుంది. నిజం చెబితే? కట్టుబాటు తప్పినవాడు, దర్గా పేరు చెప్పి ఊరిని మోసగించినవాడు, ఊరికి విషం చూపినవాడు. మూడు బిరుదులూ ఒకే పూట తగిలిస్తారు. ఇక వేపపంగ పట్టుకుని ఏ చెలకలో అడుగు పెట్టగలడు?

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడడం లేదు. నేలనే చూస్తోంది. అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆ గింజలు, ఆ గీతలు ఆమె తనకంటే ముందే చదివేసింది. అడిగారు కాబట్టి గింజ పెట్టింది. ఎర్రగీత సంగతి మాత్రం తను ప్రాణం పోయినా చెప్పదు. మొగుడి మాట నిలవడానికి తన వంగిన నడుమునే సాక్ష్యంగా అక్కడ పడేసి కూర్చుంది. ఇంట్లో రెండు కుండలు ఆయన కళ్ల ముందు కదిలాయి. ఎడమది తాగినవాడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కుడిది తాగినామె అక్కడ ఉంది. ఆ కుండ నింపిందెవరు? ఎండలో, వానలో, జ్వరంతో కూడా సైకిలు తొక్కి, ఎంతో ప్రేమతో నింపింది తానే.

కుర్చీలోంచి లేచి యాదమ్మ దగ్గరికి పోయి జాజు పళ్లెం కోసం చేయి చాచాడు. మగవాడు, అందునా ముజావరు, ముగ్గులో చేయి పెడతాడా అని వెనకెవరో కిసుక్కుమన్నారు. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బోరు దగ్గర మొదలుపెట్టి, బడి పక్కగా, ఊరి చివరి ఇల్లు దాటి, వాగు మీదుగా ఎర్రగీత లాగుతూ పోయాడు. పంగ పట్టుకుని నడిచినప్పటిలాగే తల వంచుకుని, మోకాళ్ల మీద జరుగుతూ, దర్గా పక్క గులకరాయి దాకా తెచ్చి ఆపాడు.

"గవి దర్గా కడుగనీకి కాదు," అన్నాడు. "గీమె తాగనీకి తీస్కపోయిన. బోరు వడ్డనాటి సంది, నిన్నటి దాక."

"నువ్వు గుడ తాగినవా?" అన్నాడు లచ్చయ్య.

"నేను తాగలె. గందుకే సక్కగున్న."

లచ్చయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. దర్గా పేరు మీద అబద్ధం ఆడితివా అన్నాడు, కోపంగా కాదు, నమ్మలేనట్టు. పీర్‌సాబు నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. ఎవరైనా తిడితే బాగుండునని ఉంది ఆయనకు. ఎవరూ తిట్టలేదు.

మాట్లాడింది ఇక్బాల్ బీ. ఆమె మొగుడితో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుతుంది. ఇప్పుడు అందరికీ వినపడాలని తెలుగులో అంది.

"యాదమ్మా, గా గీత తప్పుంది. వాగు కాడ తొవ్వ సక్కగ రాదు, గుట్ట దిక్కు మల్గుతది. సైకిల్ దిగి నూకాలె గాడ. జర గా పళ్లెం ఇటియ్యి."

ఆడవాళ్లు ఇటూ అటూ పట్టి ముందుకు తెచ్చారు. ఆమె తన వేళ్లతో మొగుడు గీసిన గీతను వాగు దగ్గర చెరిపి, గుట్ట వైపు వంపు తిప్పి, మళ్లీ ఇంటి దాకా కలిపింది. గీత పూర్తయ్యాక గింజను గట్టిగా నేలలోకి ఒత్తింది. వాగవతల మిగతా ఇళ్లన్నిటికీ బూడిదగీతలే, ఒక్క ఆ ఇంటికే రెండు. అటు బీరప్ప కళ్లతోనే తన ఇంటి మీద గింజను వెతుక్కున్నాడు, ఉందో లేదో చూసుకున్నట్టు. యాదమ్మ చావిడి గోడ పక్కనున్న పెద్ద రాయి మోసుకొచ్చి బోరు గుర్తు మీద పెట్టేసింది.

మర్నాడు ఇంజినీరును లచ్చయ్యే స్వయంగా పెద్దబావి దగ్గరికి తీసుకుపోయాడు. బోరింగు నీళ్లు గుడ్డలు ఉతకడానికీ, బర్రెలు కడగడానికీ అని మిగిలిపోయాయి. తాగడానికి పట్టుకుంటే ఆడవాళ్లే బిందె గుంజుకుని పారబోసేవారు. పెద్దబావి తవ్వకం పూర్తయ్యే దాకా ఊరు నీళ్ల కోసం నానా అగచాట్లూ పడింది, పడుతున్నప్పుడల్లా పీర్‌సాబును తిట్టుకుంది కూడా. ట్యాంకు నీళ్లు వచ్చాక కూడా చెంబు కథ మళ్లీ ఎవరూ చెప్పలేదు. బోరు చూడమని ఆయనకు కబురు పంపేవాళ్లు లేకపోయారు. పంపినా ఆయన పోయేవాడు కాదు. దర్గాకు మాత్రం రోజూ దీపం పెట్టాడు, ఉప్పుబావి నీళ్లతో కడిగాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం ఎడ్లబండి దిగి ఇంట్లోకి రాగానే పీర్‌సాబు కుడి పక్క కుండను ఎత్తుకుపోయి వాకిట్లో బోర్లించాడు. ఆయన ఉప్పుబావి నుంచి బిందె తెచ్చి పెట్టాడు. ఇక్బాల్ బీ పొయ్యి వెలిగించి కందిపప్పు ఒక్కటే గిన్నెలో ఎసట్లో వేసింది. చాలాసేపు ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. కట్టెలు అయిపోయాయి గానీ పప్పు ఉడకలేదు. ఇద్దరూ పలుకు పలుకుగానే తిన్నారు.